ముందే వేసుకున్న గొళ్లెం

అమెరికన్ నవలాకారుడు జొనాథన్ ఫ్రాంజెన్ మీద 2010 ఆగస్టులో టైమ్ పత్రిక ముఖచిత్ర కథనం వేసింది. ఆయన రాసుకునే ల్యాప్‌టాప్ గురించి అందులో ఒక వివరం ఉంది. అది పాతబడిన, బరువైన డెల్ కంప్యూటర్. దానిలోంచి పేకాటలన్నీ తీసేశారు, వైర్‌లెస్ కార్డు పీకేశారు. ఇక మిగిలింది ఇంటర్నెట్ కేబుల్ గుచ్చే రంధ్రం. అందులో ఒక కేబుల్ పెట్టి సూపర్ గ్లూతో అతికించి, పైకి కనిపించే ముక్కను కోసేశారు. రెండేళ్ల తర్వాత బ్రిటిష్ రచయిత్రి జేడీ స్మిత్ తన నవల ‘ఎన్‌డబ్ల్యు’లో కృతజ్ఞతలు చెబుతూ ‘ఫ్రీడమ్’, ‘సెల్ఫ్‌కంట్రోల్’ అనే రెండు సాఫ్ట్‌వేర్లను కూడా తలుచుకున్నారు. రాసుకునే సమయాన్ని తనకు మిగిల్చింది అవేనట.

నవల రాసేవారికి ఇంటర్నెట్ మొత్తం ఆగిపోయినా పని ఆగదు. గ్రూప్-2కి చదివే అమ్మాయి సంగతి అలా కాదు. ఆమె వినాల్సిన పాలిటీ పాఠం యూట్యూబ్‌లో ఉంది. తెలంగాణ ప్రభుత్వ టి-శాట్ పాఠాలూ అక్కడే ఉన్నాయి. ప్రాథమిక హక్కుల గురించి మాస్టారు చెబుతూ ఉండగానే కుడిపక్క వరుసలో సినిమా టీజరు, ఐపీఎల్ హైలైట్లు, మొన్న సగంలో ఆపిన ఇంటర్వ్యూ కనిపిస్తుంటాయి. పాఠం అయ్యీ అవగానే తర్వాతి వీడియో తనంతట తానే మొదలవుతుంది. యూట్యూబ్ మూసేస్తే పాఠం పోతుంది, తెరిచి ఉంచితే సాయంత్రం పోతుంది. దృష్టి మళ్లించే సైట్లను ఆపుకోవడం అనే ప్రశ్నలోని చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంటర్నెట్‌ను మొత్తంగా ఆపే పద్ధతి 2008 నాటికే దొరికింది. దానిలో అక్కరలేని భాగాన్ని మాత్రమే, అక్కరలేని వేళల్లో మాత్రమే ఆపడం ఎలా?

మొత్తంగా ఆపే పద్ధతులు చాలా సూటిగా ఉండేవి. 2008లో నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఫ్రెడ్ స్టట్జ్‌మన్ ఫ్రీడమ్‌ను తయారుచేశారు. ఎన్ని నిమిషాలో చెబితే అంతసేపు, గరిష్ఠంగా ఎనిమిది గంటలు, కంప్యూటర్‌కు నెట్ అందేది కాదు. మనసు మారితే మెషిన్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చేది. మరుసటి ఏడాది కళాకారుడు స్టీవ్ లాంబర్ట్, ప్రోగ్రామర్ చార్లీ స్టిగ్లర్ తెచ్చిన సెల్ఫ్‌కంట్రోల్ ఇంకా మొండిది. మ్యాక్ కంప్యూటర్‌లో ఒకసారి సైట్ల జాబితా రాసి గడువు పెట్టామంటే, రీస్టార్ట్ చేసినా, ఆ సాఫ్ట్‌వేర్‌నే తీసిపారేసినా, గడువు తీరేదాకా ఆ సైట్లు తెరుచుకోవు. దీన్ని నేటికీ ఉచితంగా వాడుకోవచ్చు.

ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా చేసే పాత పద్ధతి ఇంకొకటి ఉంది. ప్రతి కంప్యూటర్‌లోనూ హోస్ట్స్ అనే చిన్న ఫైల్ ఉంటుంది. అందులో 127.0.0.1 అని రాసి, పక్కన సైట్ పేరు రాస్తే, కంప్యూటర్ ఆ సైట్ కోసం బయటికి వెళ్లకుండా తనలోనే వెతుక్కుంటుంది. అక్కడ ఏమీ దొరకదు కాబట్టి పేజీ రాదు. కానీ ఈ ఫైల్‌కు తెలిసింది పేరు ఒక్కటే. యూట్యూబ్‌ను ఆపమంటే మొత్తం యూట్యూబ్‌ను ఆపుతుంది. పాఠం ఉంచి షార్ట్స్ ఒక్కటీ తీయమంటే దానికి చేతకాదు. ఇంట్లో రౌటర్‌దీ, చాలా ఆఫీసుల్లో ఫైర్‌వాల్‌దీ ఇదే పరిస్థితి. దాదాపు సైట్లన్నీ గుప్తలిపిలో నడుస్తున్న ఈ రోజుల్లో, మధ్యలో ఉండే పరికరానికి ఏ సైట్‌కు వెళ్తున్నామో తెలుస్తుంది గానీ, ఆ సైట్‌లో ఏ పేజీ చూస్తున్నామో మామూలుగా తెలియదు. పూర్తి చిరునామా, పేజీలోని బొమ్మలు, పక్క వరుసలు ఇవన్నీ తెలిసేది బ్రౌజర్‌కే. అందుకే భాగాన్ని మాత్రమే ఆపాలంటే ఆ పని బ్రౌజర్‌లోపలే జరగాలి. బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములైన ఎక్స్‌టెన్షన్ల బలం అక్కడుంది. వాటి ప్రమాదమూ అక్కడే ఉంది, ఆ సంగతి తర్వాత.

ఈ ఎక్స్‌టెన్షన్లలో బాగా పాతుకున్నది లీచ్‌బ్లాక్. ఫైర్‌ఫాక్స్ కోసం మొదలై, ఇప్పుడు క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ దొరుకుతోంది. దాని సెట్టింగ్స్ పేజీని కాస్త దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే ఈ రంగంలోని ఆలోచనలన్నీ అందులో ఒకచోట కనిపిస్తాయి. మొదటి పెట్టెలో సైట్ల పేర్లు వరుసకు ఒకటి చొప్పున రాయాలి. పేరుకు ముందు ప్లస్ గుర్తు పెడితే ఆ పేజీకి మినహాయింపు. అంటే ఒక సైట్‌ను మొత్తం మూసి, అందులో మనకు కావలసిన ఒక్క పేజీని వదలొచ్చు, లేదా యూట్యూబ్‌ను వదిలి షార్ట్స్ చిరునామాను మాత్రమే జాబితాలో పెట్టొచ్చు. తర్వాత వేళలు: 0900-1300 అని రాస్తే ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు. ఆ పక్కన రోజుకు ఇన్ని నిమిషాలు అనే పరిమితి, వారంలో ఏయే రోజులు అనే గడులు. పూర్తిగా మూయడం వద్దనుకుంటే, సైట్ తెరిచిన ప్రతిసారీ కొన్ని సెకన్లు లెక్కపెడుతూ ఆపే పేజీ పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది చివర ఉంటుంది. ఆపుదల వేళల్లో ఈ సెట్టింగ్స్‌ను మార్చాలంటే, అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాల వరుసను చూస్తూ టైప్ చేయాలనే షరతు పెట్టుకోవచ్చు. కోరిక ఎంత గట్టిదైనా అన్ని అక్షరాలు తప్పుల్లేకుండా కొట్టేలోపు సగం చల్లారుతుంది.

క్రోమ్‌లో చాలామంది వాడిన స్టేఫోకస్డ్ ఇదే దారిలో, కాకపోతే తక్కువ వివరాలతో నడుస్తుంది. కెనడా వాసి ఫెలిక్స్ బెల్‌జిల్ తయారుచేసిన కోల్డ్ టర్కీ బ్రౌజర్‌తో పాటు కంప్యూటర్‌లోని ఇతర ప్రోగ్రాములను కూడా ఆపగలదు. మరీ అరుదైన ఉదాహరణ ప్రోగ్రామర్లు గుమికూడే హ్యాకర్ న్యూస్ సైట్‌ది. సభ్యులు కోరుకుంటే ఆ సైటే వారిని బయటికి పంపే ఏర్పాటు అందులో ఉంది. మామూలు లెక్క ప్రకారం 20 నిమిషాలు చూశాక 180 నిమిషాల వరకు మళ్లీ రానివ్వదు. తన దగ్గర గడిపే సమయాన్ని తానే తగ్గించే వీలు సభ్యుడి చేతికిచ్చిన పెద్ద సైట్లు ఎన్ని ఉన్నాయో వెతికితే, దీని విలువ తెలుస్తుంది.

ఇలా తనను తాను కట్టేసుకోవడం వెనుక ఆర్థికశాస్త్రంలో ఒక సిద్ధాంతమే ఉంది. ఇవాళ్టి మనిషి వేసుకున్న పథకాన్ని రేపటి మనిషి పాటించడని రాబర్ట్ స్ట్రాట్జ్ 1950ల మధ్యలోనే రాశారు. 2005లో నోబెల్ అందుకున్న థామస్ షెల్లింగ్, ఒకే మనిషిలో ఇద్దరు వంతులవారీగా అధికారం చలాయిస్తున్నట్టు చూపారు. అలారం గడియారాన్ని మంచానికి దూరంగా గదికి అవతల పెట్టుకునేవాడు, తెల్లవారుజామున లేవాల్సిన తన మీద తనకున్న అపనమ్మకంతోనే ఆ పని చేస్తాడు. ఫిలిప్పీన్స్‌లో నవ ఆష్రఫ్, డీన్ కార్లన్, వెస్లీ యిన్ చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. అనుకున్న గడువో, అనుకున్న మొత్తమో వచ్చేదాకా సొంత డబ్బునే తీసుకోవడానికి వీల్లేని పొదుపు ఖాతాను బ్యాంకు ఖాతాదారుల ముందు పెడితే, 28 శాతం మంది ఇష్టపడి చేరారు.

డబ్బుకు జనం ఇష్టపడి వేసుకున్న ఇలాంటి గొళ్లెం బ్రౌజర్‌లో పనిచేస్తుందా? దీనికి ఇప్పటిదాకా దొరికినవాటిలో చాలా స్పష్టమైన జవాబు రిచర్డ్ ప్యాటర్సన్ 2018లో ప్రచురించిన ప్రయోగంలో ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నడిపిన కోర్సులో చేరిన 657 మందిని ఆయన కొన్ని జట్లుగా విడదీశారు. ఒక జట్టు, దృష్టి మళ్లించే సైట్లలో రోజుకు ఎంతసేపు గడపవచ్చో ముందుగానే పరిమితి పెట్టుకుంది. అది దాటితే ఆ సైట్లు ఆగిపోతాయి. ఇంకో జట్టుకు అలాంటి సైట్లలో ఎంతసేపు ఉన్నారో మధ్యమధ్య గుర్తుచేసే సందేశాలు వచ్చాయి. మూడో జట్టు కోర్సు పేజీ తెరవగానే, ‘కాసేపు ఆ సైట్లను ఆపమంటారా?’ అని సాఫ్ట్‌వేర్ అడిగింది.

ముందే పరిమితి పెట్టుకున్నవారు, ఏ సాయమూ అందని విద్యార్థులకన్నా 24 శాతం ఎక్కువ సమయం కోర్సు మీద గడిపారు. వారి మార్కులు మెరుగుపడ్డాయి. కోర్సు పూర్తిచేసే అవకాశం 40 శాతం పెరిగింది. గుర్తుచేసిన జట్టులోనూ, అక్కడికక్కడ అడిగిన జట్టులోనూ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగాలి. మొదటి జట్టుకూ మూడో జట్టుకూ చేతికిచ్చిన పనిముట్టు దాదాపు ఒకటే: సైట్లను ఆపడం. తేడా ఆ నిర్ణయం తీసుకున్న వేళలో ఉంది. కుర్చీలో కూర్చుని, పాఠం ముందు పెట్టుకుని, అప్పటికే పక్క ట్యాబ్ మీద చూపు పడిన మనిషిని ‘ఆపమంటారా’ అని అడిగితే, అడగాల్సిన మనిషి అప్పటికే లేచి వెళ్లిపోయాడన్నమాట. అడగాల్సింది ముందురోజు మనిషిని. బజారులో దొరికే చాలా బ్లాకర్లు ‘ఇప్పుడు ఏకాగ్రత మొదలుపెట్టండి’ అనే పెద్ద బటన్‌ను మొదటి పేజీలో పెడుతున్నాయి. ప్యాటర్సన్ ప్రయోగాన్ని బట్టి చూస్తే అది తలకిందుల అమరిక. వేళల పట్టిక మొదటి పేజీలో ఉండాలి, బటన్ లోపలికి పోవాలి.

ఈ పనిముట్ల లెక్క చిన్నదేమీ కాదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు ఉల్రిక్ లింగ్స్ బృందం 2019లో యాప్‌లూ ఎక్స్‌టెన్షన్లూ కలిపి 367 పరికరాలను పరిశీలించింది. ఆపేవి, గడిపిన సమయం చూపించేవి, లక్ష్యాన్ని గుర్తుచేసేవి, బహుమతులూ శిక్షలూ ఇచ్చేవి, ఇలా రకరకాలుగా ఉన్నాయి. వీటిలో పేజీ తెరిచే ముందు కొద్దిగా ఆలస్యం చేసే రకం ఎక్కువ గౌరవానికి అర్హమైనది. వన్ సెక్ అనే ఫోన్ యాప్ మీద 280 మందితో చేసిన అధ్యయనం 2023లో అమెరికా నేషనల్ అకాడమీ పత్రికలో వచ్చింది. యాప్ తెరవబోతే ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆపి, ‘వద్దులే’ అనే దారి కూడా చూపిస్తుందది. 36 శాతం సార్లు జనం అక్కడినుంచే వెనక్కి మళ్లారు. ఆరు వారాలకు, తెరవడానికి చేసే ప్రయత్నాలే 37 శాతం తగ్గాయి. ఆలస్యం పనిచేసింది, వెనక్కి మళ్లే బటన్ ఇంకా బాగా పనిచేసింది. ఆలోచించుకోమని చెప్పే సందేశం మాత్రం పనిచేయలేదు. తెర మీద నీతివాక్యాలు చూపించే బ్లాకర్ల తయారీదారులు ఇది గమనించాలి.

ఒక సైట్ మూస్తే మనిషి ఇంకో సైట్‌కు పోడా అన్నది పాత సందేహం. ఫేస్‌బుక్ మూస్తే రెడిట్, కంప్యూటర్ మూస్తే ఫోన్. స్టాన్‌ఫర్డ్‌లో గెజా కొవాక్స్ బృందం హ్యాబిట్‌ల్యాబ్ అనే ఎక్స్‌టెన్షన్‌తో, దానికి జోడీగా ఫోన్ యాప్‌తో దీన్ని సూటిగా పరీక్షించింది. 2019లో ప్రచురించిన ఫలితం చాలామంది ఊహకు అందనిది. ఒక సైట్ మీద అడ్డంకులు పెంచినప్పుడు మిగతా సైట్లలో గడిపే సమయం అలాగే ఉంది, లేదా తగ్గింది. కంప్యూటర్ నుంచి ఫోన్‌కూ, ఫోన్ నుంచి కంప్యూటర్‌కూ ఆ సమయం మళ్లలేదు. అయితే ఇదే బృందం అంతకుముందు 2018లో ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. అడ్డంకుల రకాన్ని మారుస్తూ ఉంటే పని ఎక్కువ జరుగుతుంది గానీ, విసుగుపడి ఎక్స్‌టెన్షన్‌నే తీసేసేవారు కూడా పెరుగుతారు. ఈ రంగంలో అసలు శత్రువు ఈ తీసివేతే.

2025లో పీఎన్ఏఎస్ నెక్సస్ పత్రికలో వచ్చిన అధ్యయనం అదే చూపింది. 467 మందిని తమ ఫోన్లలో రెండు వారాలపాటు ఇంటర్నెట్ ఆపమన్నారు. కాల్స్, మెసేజ్‌లు యథాతథంగా ఉన్నాయి. ఏకాగ్రత పెరిగింది. ఆ పెరుగుదల పదేళ్ల వయసు తగ్గినంతగా ఉందని లెక్కగట్టారు. కానీ చెప్పినట్టు నిలబడినవారు దాదాపు నాలుగో వంతు మందే. మొత్తంగా ఆపే పద్ధతి ఎంత మేలు చేస్తుందో, ఎందరు దాన్ని మోయలేరో ఒకే అధ్యయనంలో తేలిపోయింది. దీనికి ఎదురుగా హంట్ ఆల్కాట్, మాథ్యూ గెంట్స్‌కో, లీనా సాంగ్ 2022లో ప్రచురించిన పని ఉంది. వారు సుమారు రెండు వేలమంది అమెరికన్లతో ప్రయోగం చేసి, అందులో కొందరికి తమకు తామే పరిమితి పెట్టుకునే యాప్ ఇచ్చారు. ఆ పరిమితికి డబ్బు ఆశ ఏదీ జోడించలేదు. అయినా సోషల్ మీడియా తదితర యాప్‌ల వాడకం 16 శాతం తగ్గింది. సోషల్ మీడియా వాడకంలో 31 శాతం ఆత్మనిగ్రహ లోపం వల్లనే జరుగుతోందని వారి అంచనా. చిన్నగా కట్టుకున్న కట్టును జనం నిలుపుకుంటున్నారు.

అందరికీ ఇది మందు కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గ్లోరియా మార్క్, మైక్రోసాఫ్ట్ పరిశోధకులతో కలిసి 32 మంది ఉద్యోగుల కంప్యూటర్లలో ఒక వారంపాటు ఫ్రీడమ్ పెట్టించారు. మొత్తంమీద పని బాగా సాగినట్టు వారు చెప్పారు. సోషల్ మీడియా వైపు ఎక్కువగా మళ్లేవారికి ఎక్కువ మేలు జరిగింది. సహజంగానే నిగ్రహం ఉన్నవారు మాత్రం ఊపిరాడని ఒత్తిడిని అనుభవించారు. వారు మధ్యలో రెండు నిమిషాలు వార్తలు చూసి, తిరిగి తమంతట తామే పనిలోకి వచ్చే మనుషులు. ఆ విరామం కూడా పోయేసరికి ఏకబిగిన పనిచేసి అలసిపోయారు. ఉద్యోగులందరి కంప్యూటర్లలో ఒకే జాబితాను మూసేసే ఆఫీసులు ఈ ఫలితాన్ని పట్టించుకోవాలి.

సైట్‌ను మూయకుండా, దానిలోని లాగే భాగాన్ని కోసేయడం మరో పద్ధతి. న్యూస్ ఫీడ్ ఎరాడికేటర్ అనే ఎక్స్‌టెన్షన్ ఫేస్‌బుక్ ఫీడ్‌ను తీసేసి, ఆ చోట ఒక సూక్తి పెడుతుంది. సందేశాలు, గ్రూపులు మామూలుగానే ఉంటాయి. అన్‌హుక్ యూట్యూబ్‌లో పక్క వరుసనూ, షార్ట్స్‌నూ, వ్యాఖ్యలనూ వేటికి వాటిని దాచగలదు. పాఠం ఒక్కటే తెర మీద మిగులుతుంది. గ్రూప్-2 అమ్మాయికి కావలసింది ఇదే. తెలుగు పాఠకులకు దీనితో నేరుగా సంబంధం ఉంది: 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించాక, అదే సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ను ప్రపంచంలో మొదట ప్రారంభించింది భారత్‌లోనే. ఏ ఎక్స్‌టెన్షనూ అక్కరలేని మార్గం కూడా ఒకటుంది. 2023 ఆగస్టు నుంచి, వాచ్ హిస్టరీని ఆపేసి, పాతదాన్ని తుడిచేస్తే యూట్యూబ్ మొదటి పేజీలో సిఫారసు వీడియోలు రావు. వెతుకులాట పెట్టె మిగులుతుంది. మనం ఏం వెతకడానికి వచ్చామో అదే వెతుక్కోవాలి.

ఇలా పేజీని తనకు నచ్చినట్టు కత్తిరించుకునే హక్కు చదివేవాడికి ఉందా అన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. బ్రిటన్‌కు చెందిన లూయిస్ బార్‌క్లే ‘అన్‌ఫాలో ఎవ్రీథింగ్’ అనే ఎక్స్‌టెన్షన్ రాశారు. దానితో ఫేస్‌బుక్‌లో స్నేహితులు స్నేహితులుగానే ఉంటారు, అందరినీ అన్‌ఫాలో చేసేసరికి ఫీడ్ ఖాళీ అవుతుంది. 2021లో ఫేస్‌బుక్ ఆయనకు లాయర్ల ద్వారా లేఖ పంపి, ఆయన ఖాతాను శాశ్వతంగా తొలగించింది. ఆయన ఎక్స్‌టెన్షన్‌ను వెనక్కి తీసుకున్నారు. 2024 మేలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఈథన్ జుకర్‌మన్, అలాంటిదే తయారుచేయడానికి తనకు హక్కుందని ప్రకటించమంటూ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా మీద దావా వేశారు. పరికరం ఇంకా తయారే కాలేదు కాబట్టి తీర్పు చెప్పే సమయం రాలేదంటూ నవంబరులో కోర్టు దాన్ని కొట్టేసింది. నా తెర మీద నేనేం చూడాలో నేను నిర్ణయించుకోవడానికి కంపెనీ అనుమతి ఎందుకు అన్న ప్రశ్నకు చట్టం ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పాలి.

ఇక ప్రమాదం సంగతి. పేజీలో ఏముందో చూసి కత్తిరించే ఎక్స్‌టెన్షన్‌కు ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదివే, మార్చే’ అనుమతి ఇవ్వాల్సి వస్తుంది. అన్నిటిలో బ్యాంకు పేజీ కూడా ఒకటి. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ‘ద గ్రేట్ సస్పెండర్’ను ఇరవై లక్షల మందికి పైగా వాడేవారు. 2020లో దాని యజమాని దాన్ని గుర్తు తెలియని వారికి అమ్మేశారు. తర్వాత అందులో హానికరమైన కోడ్ చేరింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తొలగించింది. వాడేవారు అప్పటివరకు చేసిన తప్పేమీ లేదు. కాబట్టి కోడ్ బహిరంగంగా ఉండి, ఏళ్ల తరబడి ఒకే చేతిలో ఉన్నదాన్ని ఎంచుకోవడం, పేరు తెలియని కొత్తవాటిని దూరంగా ఉంచడం మంచిది. ఆపాల్సింది నాలుగైదు సైట్లనే అయితే ఆ నాలుగైదింటికే అనుమతి పరిమితం చేసే వీలు క్రోమ్ ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది.

మన దగ్గర ఎక్కువమందికి బ్రౌజర్ అంటే ఫోన్‌లో క్రోమ్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌కు ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీలు లేదు. ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబరు నుంచి ఫోన్‌లోనూ ఎక్స్‌టెన్షన్లకు తలుపులు బార్లా తెరిచింది. లీచ్‌బ్లాక్ అక్కడా పనిచేస్తుంది. అయితే యూట్యూబ్ యాప్ ఫోన్‌లో ఉన్నంతవరకు బ్రౌజర్‌లో ఎంత కట్టడి చేసినా లాభం ఉండదు, యాప్ ఆ దారినే రాదు. దాన్ని డిజేబుల్ చేసి, పాఠాలను బ్రౌజర్‌లో చూడాలి. అదనంగా ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్‌లకు రోజువారీ గడువు పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లోనైతే ఇన్‌కాగ్నిటో కిటికీ మరిచిపోకూడదు. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా అందులో పనిచేయవు, అనుమతి విడిగా ఇవ్వాలి.

పిల్లల ఫోన్లలో తల్లిదండ్రులు చాటుగా వేసే తాళాలు ఈ అధ్యయనాలేవీ చెప్పిన గొళ్లెం కాదు. మేలు జరిగిన చోట ఆ పరిమితికి ఒప్పుకున్నది వాడే మనిషే. ఇంటర్ చదివే కొడుకుకు బ్లాకర్ పెట్టాలనుకుంటే పక్కన కూర్చోబెట్టుకుని, జాబితా వాణ్నే రాయనివ్వండి. మీ ఫోన్‌లోనూ ఒకటి పెట్టుకోండి.

పరీక్ష దగ్గరపడినవారు ఈ పనిని రేపు చదవడానికి కూర్చున్నాక మొదలుపెట్టొద్దు. ఈ రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు తీసుకుని, మీ సమయాన్ని నిజంగా తినేస్తున్న రెండు మూడు చిరునామాలు మాత్రమే జాబితాలో రాయండి. చదివే వేళలకే గడువు పెట్టండి, భోజనం తర్వాతి అరగంటను వదిలేయండి. వారం తర్వాత ఆ జాబితాను మళ్లీ తెరిచి, అడ్డుపడుతున్నదాన్ని తీసేసి, జారిపోతున్నదాన్ని చేర్చండి. ఎక్స్‌టెన్షన్‌ను మాత్రం తీసేయకండి.